పెద్ద ర్యాంకు ఇచ్చినా పాత సర్వీసే ఎందుకు పలుకుతుంది?

జావా సాఫ్ట్‌వేర్‌ను విడి ముక్కలుగా కట్టి నడిపే ఓఎస్‌జీఐ అనే ఫ్రేమ్‌వర్క్ మీద నడిచే అప్లికేషన్లతో పనిచేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫ్రేమ్‌వర్క్‌తో పాటు వచ్చిన సర్వీస్ మన అవసరానికి చాలక, అదే పనికి సొంత సర్వీస్ రాసుకుంటాం. దానికి ర్యాంకింగ్, అంటే ఏది ముందో చెప్పే అంకె, 1000 ఇస్తాం. డిప్లాయ్ చేసి కన్సోల్‌లో చూస్తే రెండు సర్వీసులూ కనిపిస్తాయి, మనదాని పక్కన 1000 అని స్పష్టంగా ఉంటుంది. పని మాత్రం పాతదే చేస్తూ ఉంటుంది. సర్వర్ రీస్టార్ట్ చేస్తే మనది పలుకుతుంది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో రీస్టార్ట్ తర్వాత మళ్లీ పాతది వచ్చి కూర్చుంటుంది. రిలీజ్ రోజున ఇది జరిగితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు.

చాలామంది దీన్ని ఫ్రేమ్‌వర్క్‌లో బగ్ అనుకుంటారు. ఫ్రేమ్‌వర్క్ తన నియమాలను తూచా తప్పకుండా పాటించడం వల్లే ఇలా జరుగుతుంది. ర్యాంకింగ్ అంకె ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది: ఈ క్షణాన రిజిస్ట్రీలో, అంటే సర్వీసుల నమోదు పట్టికలో, ఉన్నవాటిలో ఏది ముందు? ఎప్పుడు అడిగారు, ఒకసారి తీసుకున్నదాన్ని మార్చుకుంటారా, అంకెలు సమానమైతే ఏం చేస్తారు, అసలు పెద్ద అంకె ముందా చిన్న అంకె ముందా అన్న ప్రశ్నలకు జవాబులు వేరే చోట ఉంటాయి. ఆ చోట్లు ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

సర్వీస్, ప్రొవైడర్, కన్స్యూమర్, రిజిస్ట్రీ

పెద్ద సాఫ్ట్‌వేర్‌ను విడదీయగల ముక్కలుగా కట్టినప్పుడు ఒక్కో ముక్కను మాడ్యూల్ అంటారు. ఓఎస్‌జీఐలో దాని పేరు బండిల్. రూపంలో అది మామూలు జావా జార్ ఫైలే, లోపల తన వివరాలు చెప్పే మానిఫెస్ట్ అదనంగా ఉంటుంది. సర్వీస్ అంటే ఒక ఇంటర్‌ఫేస్, అంటే ఫలానా పని చేస్తానన్న ఒప్పందం. ఆ పనిని నిజంగా చేసే కోడ్‌ను ఇచ్చేది ప్రొవైడర్. వాడుకునేది కన్స్యూమర్. ఈ ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియనక్కర్లేదు. మధ్యలో రిజిస్ట్రీ ఉంటుంది. ప్రొవైడర్ అక్కడ నమోదు చేసుకుంటుంది, కన్స్యూమర్ అక్కడికి వెళ్లి అడుగుతుంది.

ఓఎస్‌జీఐ 1999లో మొదలైంది. ఇళ్లలో పెట్టే గేట్‌వే పెట్టెల వంటి పరికరాల్లో సాఫ్ట్‌వేర్ ముక్కలను ఆపకుండా మార్చుకోవాలన్నది అప్పటి ఆలోచన. ప్రోగ్రాములు రాసుకునే ఎక్లిప్స్ ఐడీఈ 2004లో తన 3.0 వెర్షన్‌తో దీని మీదకు మారింది. ఈరోజు అపాచీ ఫెలిక్స్, ఈక్వినాక్స్ వంటి అమలులు ఉన్నాయి. వాటి మీద అపాచీ స్లింగ్, అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్, అపాచీ కరాఫ్ లాంటివి నడుస్తున్నాయి. ముక్కలు ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా పోవచ్చు అన్న ఆ పాత పుట్టుక లక్షణం ఇప్పటికీ పోలేదు. ఈ వ్యాసంలో వచ్చే చిక్కులు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

ఉదాహరణకు ఒక ఆన్‌లైన్ దుకాణం తీసుకుందాం. కస్టమర్‌కు కబురు పంపడం అనే సర్వీస్ ఉంది. ఈమెయిల్ బండిల్ ఒకటి, ఎస్సెమ్మెస్ బండిల్ ఒకటి, రెండూ ఆ సర్వీస్‌ను ఇస్తున్నాయి. ఆర్డర్ వచ్చినప్పుడు కబురు పంపించే అలర్ట్ కాంపొనెంట్ మన కన్స్యూమర్. దానికి కావలసింది ఒక్క ప్రొవైడరే. రెండున్నాయి. ఏది ఇవ్వాలి?

రిజిస్ట్రీ పోల్చే పద్ధతి

ఓఎస్‌జీఐ నియమం చిన్నది. ప్రతి సర్వీస్‌కు సర్వీస్ ర్యాంకింగ్ అనే లక్షణం ఇవ్వవచ్చు. ఇవ్వకపోతే సున్నా. రుణ సంఖ్యలు కూడా ఇవ్వవచ్చు. ఒక్కటే కావాలని అడిగినవాళ్లకు ర్యాంకింగ్ ఎక్కువ ఉన్నది ఇస్తారు. ర్యాంకింగ్‌లు సమానమైతే సర్వీస్ ఐడీ చూస్తారు. నమోదైన ప్రతి సర్వీస్‌కూ ఫ్రేమ్‌వర్క్ తానే పెరుగుతూ పోయే ఐడీ ఇస్తుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. ఐడీ తక్కువ ఉన్నది, అంటే ముందుగా నమోదైనది గెలుస్తుంది.

మన దుకాణంలో ఈమెయిల్ సర్వీస్ ఐడీ 41, ర్యాంకింగ్ 0 అనుకుందాం. ఎస్సెమ్మెస్ ఐడీ 57, ర్యాంకింగ్ 10. ఇప్పుడు అడిగితే ఎస్సెమ్మెస్ వస్తుంది. ఎస్సెమ్మెస్ రాసినవాళ్లు ర్యాంకింగ్ ఇవ్వడం మరచిపోతే రెండూ సున్నా దగ్గర ఆగుతాయి, 41 తక్కువ కాబట్టి ఈమెయిల్ వస్తుంది. రేపు సర్వర్ ఎక్కేటప్పుడు ఎస్సెమ్మెస్ బండిల్ ముందు లేస్తే ఐడీలు తారుమారై ఎస్సెమ్మెస్ వస్తుంది. రెండు సందర్భాల్లోనూ కోడ్ ఒక్క అక్షరం మారలేదు. సమానమైనప్పుడు పాతదానికే మొగ్గు చూపడం న్యాయంగానే ఉంది, నడుస్తున్న వ్యవస్థలో కొత్తగా వచ్చినవాళ్లు ఊరికే పాతవాళ్లను తోసేయకూడదు కదా. కానీ రీస్టార్ట్ తర్వాత పాత ఎవరు, కొత్త ఎవరు అన్నది మళ్లీ మొదటి నుంచి లెక్క.

ఇక్కడే ఒక చిన్న ఉచ్చు ఉంది, దాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. ర్యాంకింగ్ విలువ జావాలోని ఇంటీజర్ రకానికి చెందాలి. లాంగ్ అనే ఇంకో సంఖ్య రకం ఇచ్చినా, "100" అని స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలుగా ఇచ్చినా ఫ్రేమ్‌వర్క్ ఎర్రర్ చూపదు. దాన్ని సున్నాగా లెక్కవేసుకుంటుంది. కన్సోల్‌లో చూసేవాళ్లకు మాత్రం 100 అనే కనిపిస్తుంది. మామూలు సీఎఫ్‌జీ ఫైల్‌లో రాసిన విలువలు సాధారణంగా స్ట్రింగ్‌లుగానే లోపలికి వెళతాయి. రకం గుర్తు పెట్టి రాసే కాన్ఫిగ్ ఫైల్ అయితే అంకె ముందు ఇంటీజర్‌కు గుర్తుగా ఐ అక్షరం ఉండాలి. కళ్లకు 100, ఫ్రేమ్‌వర్క్‌కు సున్నా. గంటల కొద్దీ సమయం ఇక్కడ పోతుంది. 2018లో వచ్చిన ఓఎస్‌జీఐ ఏడో విడుదలలో సర్వీస్ ర్యాంకింగ్‌కు ప్రత్యేక అనోటేషన్, అంటే కోడ్‌కు తగిలించే గుర్తు, చేర్చారు. దాన్ని వాడితే కోడ్‌లో రాసే విలువ ఇంటీజర్ తప్ప ఇంకోటి అయ్యే వీలే లేదు. కాన్ఫిగరేషన్ నుంచి వచ్చే విలువ మాత్రం కోడ్‌లోని దాన్ని కప్పేస్తుంది కాబట్టి ఆ దారి ఇంకా తెరిచే ఉంది.

ఒకదాన్ని ఎంచడం వేరు, అన్నిటినీ వరుసలో నిలబెట్టడం వేరు

అలర్ట్ కాంపొనెంట్‌కు ఒక్కటే కావాలి. మిగతావి పక్కన కూర్చుంటాయి. ఇది ఎంపిక. అదే వెబ్ రిక్వెస్ట్‌లను జల్లెడ పట్టే సర్వ్‌లెట్ ఫిల్టర్లు తీసుకోండి. లాగిన్ చూసే ఫిల్టర్, లాగ్ రాసే ఫిల్టర్, కుదించి పంపే ఫిల్టర్ అన్నీ పనిచేయాలి, కానీ ఒక క్రమంలో. ఇది వరుస. చాలా ఫ్రేమ్‌వర్క్‌లు ఈ రెండు పనులకూ ఒకే అంకెను వాడతాయి.

ఎంపికలో తప్పు జరిగితే వేరే ప్రొవైడర్ వస్తుంది, ఎవరో ఒకరు వెంటనే గమనిస్తారు. వరుసలో తప్పు జరిగితే అన్నీ పనిచేస్తూనే ఉంటాయి. లాగ్ ఫిల్టర్ లాగిన్ ఫిల్టర్‌కు ముందు వస్తే ఎవరు అడిగారో తెలియకుండానే లాగ్ రాసేస్తుంది. నెలల తర్వాత ఆడిట్‌లో గానీ బయటపడదు.

ఓఎస్‌జీఐ వెబ్ ప్రమాణంలో ఎక్కువ ర్యాంకింగ్ ఉన్న ఫిల్టర్ ముందు నడుస్తుంది. అదే ఓఎస్‌జీఐలో సర్వీస్ రెఫరెన్సుల జాబితాను జావా సహజ క్రమంలో సార్ట్ చేస్తే తక్కువ ర్యాంకింగ్ ఉన్నది ముందు వస్తుంది. పోలిక నియమం ప్రకారం ఎక్కువ ర్యాంకింగ్ ఉన్నదే పెద్దది, ఆరోహణ క్రమంలో పెద్దది చివరే ఉంటుంది. లెక్కలో తప్పేమీ లేదు. జాబితాలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యమైనదని ఊహించుకుని రాసిన కోడ్‌కు మాత్రం చివరగా రావలసినది చేతికి వస్తుంది.

ఆలస్యంగా వచ్చిన పెద్ద ర్యాంకు

మొదట చెప్పిన చిక్కుకు అసలు కారణం ఇక్కడుంది. ఓఎస్‌జీఐలో ఇప్పుడు ఎక్కువమంది డిక్లరేటివ్ సర్వీసెస్ అనే పద్ధతిలో రాస్తారు. ఫలానా సర్వీస్ కావాలని కాంపొనెంట్ ప్రకటిస్తే, తెచ్చి చేతిలో పెట్టే పని రన్‌టైమ్ చూసుకుంటుంది. ఆ ప్రకటనలో రెండు విషయాలు చెప్పవచ్చు. మొదటిది పాలసీ: స్టాటిక్ లేదా డైనమిక్. స్టాటిక్ అంటే కాంపొనెంట్ బతికున్నంతసేపు చేతిలోని సర్వీస్ మారదు, మార్చాలంటే కాంపొనెంట్‌ను ఆపి కొత్తగా లేపాలి. డైనమిక్ అంటే నడుస్తుండగానే మార్చవచ్చు. రెండోది పాలసీ ఆప్షన్: రిలక్టెంట్ లేదా గ్రీడీ. ఇంకా మంచి సర్వీస్ వస్తే ఉన్నదాంతోనే సరిపెట్టుకోవడం మొదటిది, వెంటనే దానికి మారడం రెండోది.

ఏమీ రాయకపోతే వచ్చేది స్టాటిక్, రిలక్టెంట్.

అపార్ట్‌మెంట్లలో కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేస్తారు. కొన్నిచోట్ల కరెంటు రాగానే స్విచ్ దానంతటదే మళ్లుతుంది, కొన్నిచోట్ల వాచ్‌మన్ వెళ్లి చేత్తో తిప్పేదాకా జనరేటరే నడుస్తుంది. కరెంటుకే ప్రాధాన్యం అన్న మాట రెండుచోట్లా ఒకటే. తేడా ఆ స్విచ్‌లో ఉంది. గ్రీడీ, రిలక్టెంట్ మధ్య తేడా అచ్చంగా అంతే.

మన దుకాణంలో దీన్ని నడిపి చూద్దాం. మొదటి సర్వర్‌లో ఈమెయిల్ బండిల్ లేచింది. అలర్ట్ కాంపొనెంట్‌కు కావలసిన సర్వీస్ దొరికింది కాబట్టి అదీ లేచింది, చేతిలో ఈమెయిల్. ఆ తర్వాత ర్యాంకింగ్ 10తో ఎస్సెమ్మెస్ వచ్చింది. కాంపొనెంట్ రిలక్టెంట్ కాబట్టి పట్టించుకోలేదు. రిజిస్ట్రీని ఎవరు కొత్తగా అడిగినా ఎస్సెమ్మెస్ అనే చెబుతుంది, అలర్ట్ మాత్రం ఈమెయిల్ పంపుతూనే ఉంటుంది. రెండో సర్వర్‌లో బండిళ్లు ఇంకో క్రమంలో లేచాయి. అలర్ట్ లేచేసరికి రెండూ ఉన్నాయి, ఎస్సెమ్మెస్ చేతికొచ్చింది. జార్ ఫైళ్లు అవే, ర్యాంకింగ్‌లు అవే, రిక్వెస్ట్‌లను పంచిపెట్టే లోడ్ బ్యాలన్సర్ వెనక ఉన్న రెండు సర్వర్లు రెండు రకాలుగా ప్రవర్తిస్తున్నాయి. కస్టమర్లలో సగం మందికి ఎస్సెమ్మెస్, సగం మందికి ఈమెయిల్.

ఇప్పుడు మొదటి సర్వర్‌లో ఈమెయిల్ బండిల్‌ను ఆపితే అలర్ట్ ఆగి, మిగిలిన వాటిలో ఎక్కువ ర్యాంకింగ్ ఉన్న ఎస్సెమ్మెస్‌తో మళ్లీ లేస్తుంది. తర్వాత ఈమెయిల్‌ను తిరిగి వేసినా ఎస్సెమ్మెస్ దగ్గరే ఉంటుంది. బండిల్‌ను ఒకసారి ఆపి వేస్తే సరిపోయిందని టీమ్‌లలో చెప్పుకునే చిట్కా ఇదే. అది సమస్యను తీర్చదు. ఆ సర్వర్‌లో, తర్వాతి రీస్టార్ట్ వరకు మాత్రం పనిచేస్తుంది.

ఇంకా లోతైన మెలిక ఒకటుంది. సర్వీస్ ఉంటే వాడతాను, లేకపోయినా పర్వాలేదు అని ఐచ్ఛికంగా ప్రకటించి, స్టాటిక్, రిలక్టెంట్‌గా వదిలేస్తే ఏమవుతుంది? కాంపొనెంట్ లేచే సమయానికి ప్రొవైడర్ ఒక్కటీ లేదనుకుందాం. ఖాళీ చేతులతో లేస్తుంది. ఆ తర్వాత ప్రొవైడర్ వచ్చినా అందుకోదు. ఎదురుగా సర్వీస్ ఉంటుంది, కాంపొనెంట్ చేతిలో మాత్రం ఏమీ ఉండదు. ప్రమాణం చెప్పేది కూడా అదే. నా మటుకు, ఈ నియమం తెలియక పడే కష్టం ర్యాంకింగ్‌ల వల్ల పడే కష్టం కన్నా ఎక్కువ.

అలాంటప్పుడు గ్రీడీనే డిఫాల్ట్‌గా పెట్టవచ్చు కదా? రెండు వైపులా బలమైన వాదనలున్నాయి. స్టాటిక్‌తో గ్రీడీ కలిపితే, మెరుగైన సర్వీస్ వచ్చిన ప్రతిసారీ కాంపొనెంట్ ఆగి మళ్లీ లేస్తుంది. దాని మీద ఆధారపడిన కాంపొనెంట్లూ దాంతోపాటే పడి లేస్తాయి. సర్వర్ ఎక్కే సమయంలో వందల సర్వీసులు ఒక్కొక్కటిగా వస్తుంటే ఈ అలజడి చిన్నదేమీ కాదు. డైనమిక్‌తో గ్రీడీ కలిపితే ఆగడం ఉండదు. కొత్తదాన్ని ముందు కట్టి, ఆ తర్వాత పాతదాన్ని విప్పుతారు. కానీ పని మధ్యలో చేయి మారవచ్చు. ఓటీపీ పంపింది ఒక ప్రొవైడర్, దాన్ని సరిచూడమని అడిగేసరికి చేతిలో ఉన్నది ఇంకొకటి అయితే, సరైన ఓటీపీనే తప్పని చెప్పే అవకాశం ఉంది. ఇలా తన దగ్గర స్థితిని దాచుకునే సర్వీసులకు నిలకడే ముఖ్యం. ఓటీపీలాంటి జ్ఞాపకం ఏదీ పెట్టుకోని సర్వీసులకు, ఉదాహరణకు తేదీని తెలుగులో రాసి ఇచ్చేదానికి, మధ్యలో మారినా నష్టం లేదు.

కాబట్టి ప్రొవైడర్ ర్యాంకింగ్ ప్రకటిస్తుంది, దాన్ని ఎప్పుడు ఎంత పట్టించుకోవాలో కన్స్యూమర్ తేలుస్తుంది. పెద్ద ర్యాంకింగ్ పెట్టుకున్న ప్రొవైడర్‌కు, తనను వాడి తీరాలని ఒత్తిడి చేసే హక్కు లేదు. కన్స్యూమర్ కావాలంటే ఫిల్టర్, అంటే ఎంపిక షరతు రాసి, రకం ఎస్సెమ్మెస్ అయినదే కావాలని అడగవచ్చు. అప్పుడు ర్యాంకింగ్ ఆ ఫిల్టర్ దాటినవాటి మధ్యే పనిచేస్తుంది. రిజిస్ట్రీ జవాబుల్లో జోక్యం చేసుకునే సర్వీస్ హుక్‌ల ద్వారా ఒక సర్వీస్‌ను కొన్ని బండిళ్లకు కనబడకుండా కూడా చేయవచ్చు. కనబడని సర్వీస్ ర్యాంకింగ్ ఎంత ఉంటేనేం?

పెద్ద అంకె ముందా, చిన్న అంకె ముందా

ఒక ఫ్రేమ్‌వర్క్ నుంచి ఇంకోదానికి వెళ్లినవాళ్లను ఇది కచ్చితంగా ఇబ్బంది పెడుతుంది. ఓఎస్‌జీఐలో పెద్ద అంకె గెలుస్తుంది. జావాలోని ఇంకో ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో ఉన్న ఆర్డర్ అనోటేషన్‌లో చిన్న అంకెకు ప్రాధాన్యం ఎక్కువ. అక్కడ అత్యధిక ప్రాధాన్యం అని పేరు పెట్టిన స్థిరాంకం విలువ ఇంటీజర్‌లో పట్టే అతి చిన్న సంఖ్య. నెట్‌బీన్స్ ఐడీఈకి పునాది అయిన నెట్‌బీన్స్ ప్లాట్‌ఫామ్‌లో సర్వీస్ ప్రొవైడర్ అనోటేషన్‌కు పొజిషన్ ఇస్తారు, అక్కడా చిన్నదే ముందు. జావా క్రిప్టోగ్రఫీ ప్రొవైడర్ల జాబితా 1 నుంచి మొదలవుతుంది, 1 అంటే మొదట అడగవలసినది. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌తో వచ్చే డిపెండెన్సీ ఇంజెక్షన్‌లో, అంటే కావలసిన సర్వీసులను తెచ్చి ఇచ్చే ఏర్పాటులో, అంకే లేదు. ఒకే ఇంటర్‌ఫేస్‌కు రెండు నమోదులుంటే చివరగా చేర్చినది వస్తుంది. ఓఎస్‌జీఐలో సమానమైనప్పుడు మొదట వచ్చినది గెలుస్తుందని గుర్తుంది కదా, ఇది సరిగ్గా దానికి ఎదురు.

అన్నిటికన్నా గందరగోళమైనది పెద్ద సంస్థల జావా అప్లికేషన్ల కోసం ఉన్న జకార్తా ప్రమాణాల్లోని ప్రయారిటీ అనోటేషన్. రెస్ట్ సర్వీసుల (వెబ్ ద్వారా పిలిచే సర్వీసుల) ఫిల్టర్లకు దీన్ని వాడితే చిన్న అంకె ముందు నడుస్తుంది. ఆథెంటికేషన్‌కు 1000, ఆథరైజేషన్‌కు 2000, మామూలు అప్లికేషన్ ఫిల్టర్లకు 5000 అని స్థిరాంకాలు కూడా ఇచ్చారు. జవాబు వెనక్కి వెళ్లేటప్పుడు ఇదే క్రమం తిరగబడుతుంది, 5000 ముందు నడుస్తుంది. వెళ్లేటప్పుడు బయటి గుమ్మం ముందు దాటినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు దాన్ని చివర దాటాలి కాబట్టి అది సబబే. కానీ అదే అనోటేషన్‌ను జకార్తాలోని డిపెండెన్సీ ఇంజెక్షన్ ప్రమాణమైన సీడీఐలో ఇంటర్‌సెప్టర్ (పిలుపు మధ్యలో నడిచే కోడ్) మీద పెడితే చిన్న అంకె ముందు, ఆల్టర్నేటివ్ (అసలుదాని బదులు వాడదగ్గది) మీద పెడితే పెద్ద అంకె గెలుస్తుంది. ఇంటర్‌సెప్టర్లకు కావలసింది వరుస, ఆల్టర్నేటివ్‌లకు కావలసింది ఎంపిక. పైన చెప్పిన తేడాను ఒకే అనోటేషన్ ఎదురెదురు దిక్కుల్లో చూపిస్తుందన్నమాట. స్ప్రింగ్ కూడా ఈ అనోటేషన్‌ను గుర్తిస్తుంది, ఒకదాన్ని ఎంచేటప్పుడు కూడా చిన్న అంకెకే మొగ్గుతుంది. సీడీఐ నుంచి స్ప్రింగ్‌కు కోడ్ మార్చేవాళ్లు అనోటేషన్‌ను అలాగే ఉంచేస్తే కంపైలర్ ఏమీ అనదు, ఫలితం మాత్రం తలకిందులవుతుంది.

క్రిప్టోగ్రఫీ జాబితాలో ఇంకో విశేషం ఉంది. మొదటి స్థానంలో ఉన్నదే ఎప్పుడూ వస్తుందనుకోకూడదు. సంతకం చేసే వస్తువును సృష్టించినప్పుడు జావా వెంటనే ప్రొవైడర్‌ను తేల్చేయదు. తాళంచెవి చేతికి వచ్చాకే, ఆ చెవిని వాడగల ప్రొవైడర్‌ను జాబితా వరుసలో వెతుకుతుంది. చెవి హార్డ్‌వేర్ పరికరంలో ఉంటే మొదటి ప్రొవైడర్ దాన్ని వాడలేకపోవచ్చు, రెండోదో మూడోదో పలుకుతుంది. ఇక్కడ ప్రాధాన్యం అంటే ముందుగా అడిగే హక్కు మాత్రమే. చేతకాకపోతే వరుస ముందుకు సాగుతుంది. నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది, ఎందుకంటే ప్రొవైడర్ సామర్థ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

ప్రాధాన్యమే లేని సర్వీస్ లోడర్

జావా 6తో 2006లో సర్వీస్ లోడర్ అనే తరగతి వచ్చింది. జార్ లోపల నిర్ణీత ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేస్ పేరుతో ఒక ఫైల్ పెట్టి, అందులో ప్రొవైడర్ పేరు రాస్తే చాలు. జావా 9లో మాడ్యూళ్లు వచ్చాక మాడ్యూల్ వివరణలోనే ఆ మాట రాయవచ్చు. ఇందులో ర్యాంకింగ్ అనే ఊసే లేదు. క్లాస్‌పాత్‌లో, అంటే జావా కోడ్ కోసం వెతికే జార్‌ల జాబితాలో, ఏ జార్ ముందుంటే అందులోని ప్రొవైడర్ ముందు దొరుకుతుంది. క్లాస్‌పాత్‌లో నక్షత్రం గుర్తు పెట్టి ఫోల్డర్ మొత్తాన్ని ఇస్తే, జార్‌లు ఏ క్రమంలో వస్తాయో చెప్పలేమని, అదే యంత్రం మీద కూడా ఒక్కోసారి ఒక్కోలా ఉండవచ్చని జావా డాక్యుమెంటేషనే చెబుతుంది. మాడ్యూళ్ల మధ్య క్రమం కూడా నిర్వచించలేదు. నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉందే అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

లాగింగ్‌కు వాడే ఎస్ఎల్ఎఫ్4జే ఈ పరిస్థితిని దాచకుండా చెబుతుంది. క్లాస్‌పాత్‌లో రెండు లాగింగ్ ప్రొవైడర్లు కనబడితే హెచ్చరిక ముద్రించి, ఒకదాన్ని తీసుకుని ముందుకెళుతుంది. ఏది దొరుకుతుందన్నది యాదృచ్ఛికమనే అనుకోమని దాని మాన్యువల్ చెబుతుంది. 2.0.9 వెర్షన్ నుంచి సిస్టమ్ ప్రాపర్టీలో ప్రొవైడర్ పేరు రాసి వెతుకులాట లేకుండా చేసే వీలు కూడా ఇచ్చారు.

అంకెలతో క్రమమా, పేర్లతో క్రమమా

అంకెల పద్ధతికి పెద్ద బలం ఏమిటంటే ప్రొవైడర్లకు ఒకరి ఉనికి ఒకరికి తెలియనక్కర్లేదు. రేపు ఎవరో రాయబోయే బండిల్ కూడా 0కీ 10కీ మధ్య 5 అని చోటు చేసుకోగలదు. మాడ్యూళ్లుగా విడదీయడంలో ఉద్దేశం ఇదే కాబట్టి అంకెలు సహజంగా అతుకుతాయి.

బలహీనత కూడా అక్కడే ఉంది. 10 అంటే దేనికన్నా ముందు? ఆ అంకె వెనక ఉన్న కారణం ఎక్కడా నమోదు కాదు. ఈమెయిల్‌ను దాటడానికి ఎస్సెమ్మెస్ 10 తీసుకుంది. వాట్సాప్ రాసినవాళ్లు దాన్ని దాటడానికి 100 తీసుకున్నారు. ఎవరో పరీక్షల కోసం నకిలీ ప్రొవైడర్ రాసి, గొడవ లేకుండా ఉంటుందని ఇంటీజర్ గరిష్ఠ విలువ 2,147,483,647 పెట్టారు. అది పొరపాటున అసలు సర్వర్‌కు వెళ్లిందంటే దాన్ని దాటడం ఎవరి వల్లా కాదు. ఇంకొకరు అదే విలువ పెట్టినా సమానమే అవుతుంది, అప్పుడు ముందు లేచినది గెలుస్తుంది. అందుకే ఫ్రేమ్‌వర్క్ రాసేవాళ్లు తమ డిఫాల్ట్ ప్రొవైడర్‌కు రుణ సంఖ్య ఇవ్వడం మంచి అలవాటు. అప్పుడు ఏ అంకే పెట్టని మామూలు ప్రొవైడర్ కూడా సున్నాతోనే దాన్ని దాటేస్తుంది, పరుగు పందెం మొదలే కాదు.

రెండో పక్షం పేర్లతో సంబంధం చెప్పమంటుంది. 2009లో వచ్చిన సర్వ్‌లెట్ 3.0 ప్రమాణంలో వెబ్ ఫ్రాగ్మెంట్లకు, అంటే వెబ్ అప్లికేషన్‌లో కలిసే విడి ముక్కలకు, ఈ పద్ధతి పెట్టారు. ఫలానా పేరున్నదానికి ముందు, ఫలానాదానికి తర్వాత, మిగతా అందరికీ ముందు అని రాయవచ్చు. కారణం కళ్లెదుటే ఉంటుంది, అంకెల పోటీ ఉండదు. నెట్‌బీన్స్‌లో పొజిషన్‌తో పాటు ఫలానా ప్రొవైడర్ స్థానంలో నేను అని పేరు పెట్టి చెప్పే మార్గం కూడా ఉంది. అలా చెప్పాక పాతది జాబితాలోనే కనబడదు. మొదట్లో చెప్పిన సొంత సర్వీస్ కథలో మనసులో ఉన్నది నిజానికి ఇదే. పాతదాన్ని తీసేయాలనుకుని, దాని కన్నా పెద్ద అంకె పెట్టాం. ఉద్దేశం ఒకటి, రాసింది ఇంకొకటి.

పేర్ల పద్ధతికీ కష్టాలున్నాయి. ఒకటి ఇంకోదాని పేరు తెలుసుకోవాలి, ఆ పేరు మారితే నియమం చడీచప్పుడు లేకుండా పనికిరాకుండా పోతుంది. క నేను ఖకు ముందు అని, ఖ నేను కకు ముందు అని రాస్తే క్రమమే ఉండదు. అలాంటప్పుడు అప్లికేషన్ డిప్లాయ్ కాకూడదని సర్వ్‌లెట్ ప్రమాణం గట్టిగా చెబుతుంది. అదే ప్రమాణం అప్లికేషన్ కట్టేవాళ్లకు ఇంకో హక్కు ఇచ్చింది. ప్రధాన వెబ్ ఫైల్‌లో మొత్తం క్రమాన్ని పేర్లతో రాస్తే, ఫ్రాగ్మెంట్లు తమలో తాము చెప్పుకున్న ముందూ వెనకా అన్నీ పక్కకుపోతాయి. ఈ మూడో దారికి నేను మొగ్గుతాను. ముక్కలు రాసినవాళ్లు తమ ముక్క గురించే తెలిసినవాళ్లు, వాటిని కలిపి నడిపేవాళ్లకు మొత్తం కనబడుతుంది. ఓఎస్‌జీఐలో కాన్ఫిగరేషన్ నుంచి ర్యాంకింగ్‌ను, కన్స్యూమర్ ఫిల్టర్‌ను మార్చగలగడం కూడా ఆ హక్కుకు ఇంకో రూపమే. అయితే ముక్కలు రోజూ వచ్చిపోయే చోట మొత్తం జాబితా రాసి పెట్టుకోవడం సాధ్యం కాదని అవతలి పక్షం అనేది నిజం. ఐడీఈలో ప్లగిన్లు వేసుకునే ప్రతి వాడుకరినీ క్రమం రాసుకోమనలేం.

తేల్చలేనప్పుడు ఆగాలా, సాగాలా

స్ప్రింగ్‌లో ఒక చోట ఒక్కటే కావాలని అడిగి, రెండు బీన్‌లు (స్ప్రింగ్ నిర్వహించే వస్తువులు) సరిపోతే, ఏది కావాలో చెప్పే గుర్తు ఏదీ లేకపోతే, పేరు కూడా కలవకపోతే అప్లికేషన్ లేవదు. రెండు దొరికాయని పేర్లతో సహా చెప్పి ఆగిపోతుంది. ఆర్డర్ అనోటేషన్ పెట్టినా సరే ఆగిపోతుంది, ఎందుకంటే అది జాబితాలోని వరుసకే పనికొస్తుంది, ఒకదాన్ని ఎంచడానికి కాదు. ఎంచడానికి ప్రైమరీ అనే వేరే అనోటేషన్ ఉంది. ఓఎస్‌జీఐ ఇలాంటి చోట ఎప్పుడూ ఆగదు, ఏదో ఒకటి ఇస్తుంది.

ఈ రెండు నిర్ణయాలనూ వాటి నేపథ్యంలో చూడాలి. స్ప్రింగ్ అప్లికేషన్‌ను సాధారణంగా ఒక టీమ్ ఒకేసారి కలిపి కడుతుంది. తప్పు బయటపడేసరికి సరిదిద్దేవాళ్లు ఎదురుగానే ఉంటారు. ఓఎస్‌జీఐలో రెండో ప్రొవైడర్ ఆరు నెలల తర్వాత, ఇంకో కంపెనీ నుంచి, సర్వర్ నడుస్తుండగా రావచ్చు. కొత్తది వచ్చిందని నడుస్తున్నది ఆగిపోతే మాడ్యూళ్లుగా కట్టిన ప్రయోజనమే పోతుంది.

ప్రోగ్రాములు నెట్‌వర్క్ మీద ఒకదాన్నొకటి పిలుచుకునేందుకు వాడే జీఆర్‌పీసీ, తన జావా రూపంలో ఈ రెండిటి మధ్య వేరే దారి పట్టింది. సర్వీస్ లోడర్‌తో దొరికిన ప్రొవైడర్లు ఒక్కొక్కటీ తన ప్రాధాన్యాన్ని 0 నుంచి 10 లోపు చెప్పాలి, మామూలు విలువ 5. హద్దు ఉంది కాబట్టి లక్షల్లోకి పరుగు ఉండదు. అంతకన్నా ముఖ్యంగా, ఆ అంకెను నడుస్తున్న పరిసరాలను చూసి చెప్పమన్నారు. అసలు ఇక్కడ పనిచేయగలనా లేదా అన్నదానికి వేరే ప్రశ్న పెట్టారు. పనికిరానిది ముందే తప్పుకుంటుంది, సున్నా ఇచ్చుకున్నదానికి కూడా పనిచేయదని అర్థం రాదు, చివర నిలబడుతుందనే అర్థం. రెండు ప్రొవైడర్లు 5 దగ్గరే ఆగితే, తరగతి పేర్ల అక్షర క్రమంతో తేలుస్తారు. పేరును బట్టి ప్రొవైడర్‌ను ఎంచడంలో తర్కం ఏమీ లేదు. కానీ జార్‌లు ఏ క్రమంలో వచ్చినా, ఏది ముందు లేచినా, లోడ్ బ్యాలన్సర్ వెనక ఎన్ని సర్వర్లున్నా జవాబు ఒకటే వస్తుంది.